నీటి నడుమ జిల్లా

రెండు పక్కలా గోదారి... మూడో పక్క సముద్రం. మధ్యలో కొబ్బరి నీడన పచ్చగా పరుచుకున్న నేల. అదే కోనసీమ! ఏ వైపు నుంచి రావాలన్నా ఏదో ఒక పాయ దాటాల్సిందే. ఈ గడ్డకు మొదటి హద్దులు గీసింది నది. తర్వాత కంపెనీ దొరలు, కలెక్టర్లు, ప్రభుత్వాలు తమ గీతలు తాము గీసుకున్నారు. జమాబందీకైనా, కోర్టు వాయిదాకైనా ఇక్కడి జనం తరతరాలుగా ఏరు దాటారు. చివరికి 2022లో కలెక్టరు కచేరీయే ఏరు దాటి అమలాపురం వచ్చింది. ఆ ప్రయాణానికి పట్టిన కాలం రెండు శతాబ్దాల పైమాటే.

ఒకే గోదారి... ఎన్నో పాయలు

రాజమహేంద్రవరం దగ్గర గోదావరిని చూసినవారికి అది నదో సముద్రమో అర్థం కాదు. ‘అఖండ గోదావరి’ అని ఊరికే అనలేదు. ఆ అఖండం కాస్తా ధవళేశ్వరం దాటగానే రెండుగా చీలుతుంది. తూర్పుగా వెళ్లేది గౌతమి. పడమరగా వెళ్లేది వశిష్ఠ. ఆ రెంటి నడుమ మిగిలిన త్రికోణమే కోనసీమ. కోన అంటే మూల అనీ, మూలన ఉన్న సీమ కాబట్టి కోనసీమ అయిందనీ చెబుతారు. పటం ముందు పెట్టుకుని చూస్తే ఆ మాట నిజమేననిపిస్తుంది. త్రికోణం పై కొస ఆత్రేయపురం మండలంలోని బొబ్బర్లంక. కింది అంచు బంగాళాఖాతం.

కథ అక్కడితో అయిపోలేదు. పి.గన్నవరం ఎగువన వశిష్ఠ నుంచి ఇంకో పాయ విడివడుతుంది. దాని పేరు వైనతేయ. అది నేరుగా దక్షిణానికి నడిచి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అసలు వశిష్ఠేమో అంతర్వేది దాకా వెళ్లి అక్కడ సాగరసంగమం చేస్తుంది. దాంతో వైనతేయకూ వశిష్ఠకూ మధ్య ఉన్న నేల ద్వీపంలో ద్వీపం అయిపోయింది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు మండలాలు ఉన్నది అందులోనే. పాత ఇంగ్లిష్ రికార్డుల్లో దాన్ని నగరం ద్వీపం అని రాసుకున్నారు.

ఇక సప్త గోదావరులంటూ రుషుల పేర్లతో పిలుచుకునే చిన్న పాయలు కొన్ని ఉన్నాయి. కౌశిక అందులో ఒకటి. ఇప్పుడది చాలాచోట్ల కాలువలాగే కనిపిస్తుంది కానీ, సంక్రాంతి పండగలో దాని పాత్ర దానికుంది. ఆ సంగతి తర్వాత.

పాయల మధ్య ఇసుక మేటవేసి తేలిన నేలల్ని లంకలంటారు. ఊళ్ల పేర్లు వింటేనే తెలిసిపోతుంది... బొబ్బర్లంక, ఎదుర్లంక, బెండమూర్లంక, బండారులంక! లంక భూముల్లో పంట బంగారం. వరద వస్తే మాత్రం మొదట మునిగేవీ అవే. ఒక ఒడ్డున కోతపడిన మట్టి మరో ఒడ్డున మేటగా తేలుతుంది. రికార్డుల్లో సర్వే నంబరు అలాగే ఉంటుంది. నేల మాత్రం ఏట్లో కలిసిపోతుంది. ఇలాంటి చోట పాలన ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

ఓడలు వచ్చాయి... గీతలు మొదలయ్యాయి

ఓడలరేవు పేరులోనే ఓడలున్నాయి. దానికి దగ్గర్లోనే వైనతేయ ఒడ్డున బెండమూర్లంక. 18వ శతాబ్దం నడుమ ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టుకుంది. గౌతమి ఆవలి ఒడ్డున యానాంలో ఫ్రెంచివారు, ఇటు వశిష్ఠ ఆవల నరసాపురం, పాలకొల్లు వైపు ఇంగ్లిష్, డచ్చి వర్తకులు ఉండేవారు. వాళ్లంతా ఇక్కడికి రావడానికి కారణం నేతబట్టలు, పాయల మీద నావ నడిచే సౌకర్యం.

1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చాయి. రాజమహేంద్రవరం సర్కారు వాటిలో ఒకటి. 1794లో ఈ సర్కారుల్లో కలెక్టర్ల పాలన మొదలైంది. అప్పట్నుంచీ కోనసీమ ఎవరో ఒక కలెక్టరు కింద ఉంటూనే ఉంది. కానీ కచేరీ ఎప్పుడూ ఆవలి ఒడ్డునే!

1859లో రాజమహేంద్రవరం, మచిలీపట్నం, గుంటూరు జిల్లాలను సర్ది గోదావరి, కృష్ణా అని రెండు జిల్లాలు చేశారు. గోదావరి జిల్లాకు కలెక్టరు కాకినాడలో ఉండేవాడు. జిల్లా కోర్టేమో రాజమహేంద్రవరంలో. అమలాపురం రైతుకు శిస్తు తగాదా వస్తే ఒక దారి, దస్తావేజు తగాదా వస్తే మరో దారి. రెండు దారుల్లోనూ గౌతమి అడ్డం.

1904లో మరో మార్పు. ఏలూరు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు తాలూకాలను కృష్ణా జిల్లాలో కలిపారు. అప్పటిదాకా నరసాపురం తాలూకాతో ఉన్న నగరం ద్వీపాన్ని మాత్రం కలపలేదు. గోదావరి జిల్లాలోనే ఉంచేశారు. వశిష్ఠ నదే జిల్లా సరిహద్దయింది. నది ఒక మాట చెప్పింది, ఈసారి సర్కారు విన్నదన్నమాట! కాకపోతే పొద్దున లేస్తే నరసాపురం సంతకు వెళ్లే సఖినేటిపల్లి జనానికి ఎదుటి ఒడ్డు ఆ రోజు నుంచీ వేరే జిల్లా అయింది. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడి, మిగిలింది తూర్పుగోదావరి అయినప్పుడూ ఆ గీత చెక్కుచెదరలేదు. ద్వీపంలోని తాలూకా నగరం పేరుతో కొన్నాళ్లు, తర్వాత రాజోలు కేంద్రంగానూ నడిచింది.

కాటన్ దొర కట్టిన కోనసీమ

ఇప్పుడు పచ్చని తివాచీలా కనిపించే ఈ నేల 1830ల్లో కరవుతో అల్లాడింది. నది నిండా నీళ్లున్నా పొలానికి ఎక్కవు. వరదొస్తే ఊళ్లు మునుగుతాయి. వెళ్లిపోతే పొలాలు బీటలిస్తాయి. ఆ పరిస్థితిని చూసి ఆనకట్ట కట్టాలని పట్టుబట్టిన ఇంజినీరు ఆర్థర్ కాటన్. 1847లో పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం... నది మధ్యలో ఉన్న లంకలను ఆసరా చేసుకుని నాలుగు ముక్కలుగా సాగిన కట్టడమది. ఆ పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయింది.

ఆనకట్ట వచ్చాక గోదావరి డెల్టా మూడుగా కుదిరింది. తూర్పు డెల్టా, పశ్చిమ డెల్టా, మధ్య డెల్టా. ఇరిగేషన్ వారి లెక్కలో మధ్య డెల్టా అంటే కోనసీమే. బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితే నీళ్లు కాలువల్లో పడి, సుమారు రెండు లక్షల ఎకరాలు తడుపుతూ సముద్రం దాకా వెళ్తాయి. అంటే కోనసీమ ఒక్క పాలనకింద ఒక్క యూనిట్‌గా మొదట కనిపించింది రెవెన్యూ పటంలో కాదు, కాలువల పటంలో!

మరి వైనతేయ ఆవలి నగరం ద్వీపం సంగతేంటి? కాలువ నీరు నదిని దాటేదెలా? అందుకే గన్నవరం దగ్గర నదికి అడ్డంగా 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద నది పారుతుంటే పైన కాలువ పారుతుంది. ఆనకట్ట అయిన వెంటనే, 1850ల్లోనే, ఇటుకా రాయీ సున్నంతో లేచిన ఈ కట్టడం నూటయాభై ఏళ్లకు దగ్గరగా సేవ చేసింది. దాని పక్కనే కట్టిన కొత్త అక్విడెక్టు 2000లో అందుబాటులోకి వచ్చింది. ఇప్పటికీ గన్నవరం వెళ్లినవారు పాత కమానుల దగ్గర కాసేపు ఆగకుండా రాలేరు.

కొత్త అక్విడెక్టుకు పెట్టిన పేరు డొక్కా సీతమ్మ. ఆమె రాణీ కాదు, అధికారీ కాదు. లంకల గన్నవరంలో ఓ రైతు ఇల్లాలు. 1841లో పుట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి పని ఒక్కటే... ఏరు దాటి అలసి వచ్చినవారికి వేళతో, కులంతో నిమిత్తం లేకుండా అన్నం పెట్టడం. పాయ ఒడ్డున ఉన్న ఊరు కావడంతో పడవ కోసం ఆగిపోయిన బాటసారులకు ఆ ఇల్లే దిక్కయ్యేది. ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో ఆమె పేరే పెట్టారు. నీటిని దాటించే కట్టడానికి, ఏరు దాటినవారికి అన్నంపెట్టిన మనిషి పేరు... ఇంతకన్నా తగిన పేరు దొరకదేమో!

పంటు దిగితే పాతూరు... వంతెన ఎక్కితే పరాయి రాష్ట్రం

కోనసీమలో ‘రేవు’ అంటే స్నానాల రేవొక్కటే కాదు. ప్రయాణాల రేవు కూడా. నావలు, లాంచీలు, పంట్లు... ఇవే ఒకప్పుడు బస్సులూ రైళ్లూ. పంటు అంటే మనుషుల్ని, మోటారు సైకిళ్లను, కార్లను కూడా ఎక్కించుకునే బల్లపరుపు పడవ. కోటిపల్లి-ముక్తేశ్వరం మధ్య గౌతమి మీద, సఖినేటిపల్లి-నరసాపురం మధ్య వశిష్ఠ మీద పంటు ప్రయాణం ఈ తరంవారికీ పరిచయమే. ఏట్లో నీరు పెరిగితే పంటు ఆగిపోతుంది. ఇక చుట్టుతిరుగుడే.

జాతీయ రహదారి రావులపాలెం మీదుగా కోనసీమ పై భాగాన్ని కోసుకుంటూ వెళ్తుంది. జొన్నాడ దగ్గర గౌతమి వంతెన ఎక్కితే అటు రాజమహేంద్రవరం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన దాటితే ఇటు తణుకు. కింది భాగంవారికి మాత్రం ఆ వంతెనలు దూరం. అమలాపురం నుంచి కాకినాడ అరవై కిలోమీటర్ల పైమాట. అంతర్వేది నుంచైతే నూరు దాటిపోతుంది. ఒక కుల ధ్రువీకరణ పత్రం మీద అప్పీలు, ఒక పింఛను కాగితం, కలెక్టరుకు ఒక అర్జీ... దేనికైనా పొద్దున పోతే రాత్రికి ఇల్లు. ఆ రోజు సారు ఊళ్లో లేకపోతే మళ్లీ ఇంకోనాడు!

ఈ బాధ కొంత తీర్చింది ఎదుర్లంక-యానాం వారధి. 2002లో ప్రారంభమైన ఆ వంతెనకు జి.ఎం.సి.బాలయోగి పేరు పెట్టారు. ఎదుర్లంకలోనే పుట్టి, అమలాపురం నుంచి పార్లమెంటుకు వెళ్లి, 1998లో లోక్‌సభ తొలి దళిత స్పీకరైన నాయకుడాయన. 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారు.

ఈ వంతెన దగ్గర ఓ చిత్రముంది. అవతలి ఒడ్డు ఆంధ్రప్రదేశ్ కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని యానాం. రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచి జెండా ఎగిరిన ఈ చిన్న ఊరు 1954లో భారత్ చేతికి వచ్చింది. చట్టప్రకారం విలీనం పూర్తయింది 1962 ఆగస్టు 16న. అంటే, కోనసీమ రైతు తన సొంత జిల్లా కేంద్రమైన కాకినాడకు ఈ దారిన వెళ్లాలంటే వేరే ప్రభుత్వం ఏలే నేల మీదుగా వెళ్లాల్సి వచ్చేది! భాష ఒకటే, చుట్టరికాలు ఒకటే. వేరైంది పాలన ఒక్కటే.

ఇక రైలు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 1928లోనే రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పట్టాలు పీక్కుపోయారు. 2004లో మళ్లీ వేశారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటి మీదా వంతెనలు కావాలి. స్తంభాలు లేచాయి, బడ్జెట్లు వచ్చాయి, పోయాయి. 2024 ముగిసేనాటికి కూడా అమలాపురంలో రైలు కూత వినపడలేదు.

కచేరీ ఏరు దాటింది

1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. అసలు కోనసీమగా జనం చెప్పుకునే నేల పదహారు మండలాలైంది. తాసిల్దారు దగ్గరికొచ్చాడు సరే, కలెక్టరు కాకినాడలోనే. అమలాపురం కేంద్రంగా జిల్లా కావాలన్న కోరిక దశాబ్దాలపాటు నలిగింది.

2022 జనవరి 26న ముసాయిదా ప్రకటన వచ్చింది. ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. అందులో కోనసీమ ఒకటి. కొత్త జిల్లాలకు ప్రాతిపదిక లోక్‌సభ నియోజకవర్గాలు. అక్కడే నది గీతకూ సర్కారు గీతకూ తేడా వచ్చింది. అమలాపురం లోక్‌సభ స్థానంలో గౌతమికి తూర్పునున్న రామచంద్రపురం, మండపేట ప్రాంతాలూ ఉన్నాయి. అవీ జిల్లాలో చేరాయి. అలా అమలాపురం, రామచంద్రపురం, కొత్తపేట డివిజన్లతో, 22 మండలాలతో, 2,083 చదరపు కిలోమీటర్లతో కోనసీమ జిల్లా పుట్టింది. 2011 జనాభా లెక్కల ప్రకారం అందులో ఉన్నవారు పదిహేడు లక్షలకు పైగా.

మరో వింత. ముమ్మిడివరం అసెంబ్లీ నియోజకవర్గంలోదే అయినా గౌతమి ఆవలి తాళ్లరేవు మండలం మాత్రం కాకినాడ జిల్లాకు వెళ్లింది. అంటే ఓటు ఒకవైపు, కలెక్టరు ఒకవైపు. ఇన్నాళ్లూ ఈవలివారు గౌతమి దాటి కాకినాడ వెళ్లారు. 2022లో మండపేట, రామచంద్రపురం వారు గౌతమి దాటి అమలాపురం రావాల్సి వచ్చింది! మండపేటవారికి రాజమహేంద్రవరం దగ్గర. అందుకే తమను తూర్పుగోదావరిలో కలపమన్న కోరిక మొదట్నుంచీ ఉండేది. 2025లో ప్రభుత్వం జిల్లాల హద్దుల్ని మళ్లీ ముందేసుకున్నప్పుడు అదీ చర్చకొచ్చింది.

ఈ కష్టం కోనసీమ ఒక్కదానిది కాదు. అస్సాంలో బ్రహ్మపుత్ర నడుమనున్న మాజులీ కూడా ఇలాంటిదే. జోర్హాట్ జిల్లాలో ఉండే ఆ దీవిని 2016లో విడదీసి దేశంలోనే తొలి నదీద్వీప జిల్లాగా చేశారు. ఎక్కడో గ్రీసు దేశంలోనూ ఇదే కథ. అక్కడ 2011లో అమల్లోకి వచ్చిన పాలనా సంస్కరణల్లో పాత జిల్లాలు పోయాయి. ఒడ్డునున్న కవాలాతో కలిసుండే థాసోస్ దీవి, సామోస్‌తో కలిసుండే ఇకారియా దీవి విడివిడి ప్రాంతాలయ్యాయి. ఏజియన్ సముద్రమైనా, బ్రహ్మపుత్రైనా, గౌతమైనా... కచేరీకి వెళ్లడానికి పడవెక్కాల్సిన మనిషి అడిగేది ఒకటే. ఆ కచేరీని ఇటు పంపండి అని!

అంతెందుకు, ఇదే గోదావరికి ఎగువన చూడండి. ప్రాణహిత వచ్చి కలిసే కాళేశ్వరం ఒకప్పుడు కరీంనగర్ జిల్లాలో మారుమూల. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలు కొత్తగా గీసినప్పుడు భూపాలపల్లి కేంద్రంగా జయశంకర్ జిల్లా వచ్చింది. చిట్యాల మండలం నుంచి విడివడిన టేకుమట్ల ఆ జిల్లాలో కొత్త మండలమైంది. 2019 ఫిబ్రవరిలో అదే జిల్లా నుంచి ములుగు వేరుపడింది. అక్కడ అడ్డం అడవి, దూరం. ఇక్కడ అడ్డం నీళ్లు. కోరిక మాత్రం ఒక్కటే. కాళేశ్వరం దగ్గర పెరిగిన నీరు భద్రాచలం మీదుగా దిగి కోనసీమ లంకల్ని పలకరిస్తుంది కాబట్టి ఆ రెండు జిల్లాలకూ నీటి చుట్టరికం కూడా ఉంది.

పేరులోనేముంది... అనుకుంటే పొరపాటే

కొత్త జిల్లాకు డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టాలని దళిత సంఘాలు మొదట్నుంచీ కోరాయి. కోనసీమలో దళితుల జనాభా ఎక్కువ. అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీలకు రిజర్వయింది. 2022 మే 18న ప్రభుత్వం పేరు మార్పు ప్రతిపాదన ప్రకటించింది. కోనసీమ పేరు చాలన్నవారు మే 24న అమలాపురంలో కలెక్టరేట్ ముట్టడికి కదిలారు. నిరసన హింసగా మారింది. బస్సులు కాలాయి. ఒక మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. పట్టణమంతా పోలీసు ఆంక్షలు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. కొబ్బరాకుల గలగల తప్ప గట్టి శబ్దం వినపడదని పేరున్న సీమ దేశమంతటా వార్తయింది.

ప్రకాశం, పొట్టి శ్రీరాములు, అల్లూరి, ఎన్టీఆర్, అన్నమయ్య... రాష్ట్రంలో మనుషుల పేర్లతో ఉన్న జిల్లాలు అప్పటికే ఎన్నో. వాటికి రాని మంట ఇక్కడెందుకు వచ్చిందన్నది కోనసీమ తనను తాను వేసుకోవాల్సి వచ్చిన ప్రశ్న. నది పెట్టిన హద్దులు దాటడానికి వంతెనలున్నాయి. ఊళ్లో పేటకూ పేటకూ నడుమనున్న హద్దుల మాటేమిటి అన్నది ఆ ప్రశ్నలోని సారం. ఆగస్టు 2న ఉత్తర్వు వెలువడింది. డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లా... ఇప్పుడు బోర్డుల మీదా, పాస్‌పుస్తకాల మీదా ఉన్న పేరిదే.

రావాల్సిన నీరు... పోవాల్సిన నీరు

జిల్లా పుట్టిన మూణ్నెల్లకే గోదావరి పరీక్ష పెట్టింది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అంత పెద్ద వరద అదే. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఆనాటి ప్రవాహం 25 లక్షలు దాటింది. 1986లో అది 35 లక్షలు! లంక గ్రామాలు నీళ్లలో తేలాయి. ఏటిగట్ల మీద రాత్రుళ్లు ఇసుక బస్తాలతో కాపలా. అయితే ఈసారి పడవలు, భోజనాలు, మందులు పురమాయించే కలెక్టరు అమలాపురంలోనే ఉన్నారు. కచేరీ దగ్గరుంటే ఏమిటి లాభమన్న ప్రశ్నకు అంతకన్నా సూటి జవాబు అక్కర్లేదు.

వరద ఒక వైపు నుంచి, తుపాను మరోవైపు నుంచి. 1996 నవంబరు 6 రాత్రిని ఇక్కడ ఎవరూ మరచిపోరు. కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుపాను వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది. కాట్రేనికోన, ఐ.పోలవరం తీరాలు గుల్లయ్యాయి. లక్షల కొబ్బరిచెట్లు తలలు తెగి మొండేలై నిలబడ్డాయి. నాటిన కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క రాత్రి గాలి ఒక తరం ఆదాయాన్ని పట్టుకుపోయిందన్నమాట.

రోజువారీ బెడద ఇంకోటుంది. మురుగు. కాలువ నీరు రావడమే గొప్ప అనుకున్న రోజులు పోయాయి. వచ్చిన నీరు పోవడం ఇప్పటి సమస్య. నేల సముద్రమట్టానికి కొద్ది ఎత్తులోనే ఉంటుంది. డ్రెయిన్లు పూడితే వానాకాలంలో వరిచేలు చెరువులవుతాయి. ఖర్చు పెరిగి, ధర రాక, ముంపు తీరక విసిగిన కోనసీమ రైతులు 2011 సార్వాలో ‘పంట విరామం’ ప్రకటించారు. నీళ్లు పుష్కలంగా ఉన్నచోట రైతు చేను బీడు పెట్టడం దేశాన్ని ఆశ్చర్యపరిచింది. 2022లో మళ్లీ అదే మాట వినిపించింది.

నేల కింద గ్యాసుంది. దాని కథలో వెలుగుతో పాటు మంటా ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిపూట ఆ వెలుగు మైళ్ల దూరం కనిపించేది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరంలో గెయిల్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా బలయ్యారు. ఒకనాడు ద్వీపానికీ తాలూకాకీ పేరిచ్చిన నగరం, ఆ పొద్దున ప్రపంచానికి అలా పరిచయమైంది.

వెళ్తే... ఇవి చూడండి

రావులపాలెం వైపు నుంచి వస్తే ముందు ఆత్రేయపురం. మట్టికుండ బోర్లించి, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి తీసే రేకులు చూసి తీరాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పక్కనే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి. ఒకే శిలలో ముందు కేశవుడు, వెనుక మోహిని. కొంచెం దిగువకు వస్తే గన్నవరం అక్విడెక్టు. అంబాజీపేటలో కొబ్బరి మార్కెట్. అయినవిల్లిలో వినాయకుడు. బండారులంకలో మగ్గాల చప్పుడు.

కనుమనాడు వెళ్లగలిగితే మాత్రం మొసలపల్లి శివారులోని జగ్గన్నతోట వదలకూడదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభల మీద ఏకాదశ రుద్రులు ఆ కొబ్బరితోటకు వస్తారు. అక్కడ గుడి లేదు. తోటే గుడి. గంగలకుర్రు ప్రభల్ని భుజాల మీద మోస్తూ కౌశిక పాయలో దిగి దాటించే దృశ్యం కోసం ఒడ్డున జనం గంటలకొద్దీ నిలబడతారు. చెప్పుకున్నాం కదా, కౌశిక పాత్ర ఇదే! ఢిల్లీలో 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

చివరగా అంతర్వేది. వశిష్ఠ సముద్రంలో కలిసేచోట లక్ష్మీనరసింహస్వామి. మాఘమాసంలో కల్యాణం, రథోత్సవం. గుడి నుంచి కాస్త నడిస్తే ఎడమన సముద్రం, కుడిన నది. అక్కడితో నేల ఆఖరు.

కోనసీమలో దేవుళ్లకే ఏరు దాటక తప్పడం లేదు. మనుషులకు ఎలా తప్పుతుంది? కచేరీ మాత్రం దాటి వచ్చింది. పంటు కోసం ఎదురుచూసేవారికి వంతెన, పాతికేళ్లుగా మాటల్లోనే ఉన్న రైలు, చేలో నిలిచిన మురుగు సముద్రానికి చేరే దారి... దాటాల్సినవి ఇంకా ఉన్నాయి. కలెక్టరేటుకు అర్జీ పట్టుకుని వచ్చే రైతు ఇకమీదట అడగబోయేది వాటి గురించే. ఇప్పుడు అడగడానికి అతను రోజంతా ప్రయాణం చేయక్కర్లేదు. ప్రస్తుతానికి అదే జిల్లా ఇచ్చిన పెద్ద సౌఖ్యం.